లోపలాయప్ప తిథి

సిద్దమ్మ చీపురు చేతపట్టుకోగానే అడిగే మాట ఒకటే.

"ఏమమ్మా, లోపలాయప్ప బాగుండాడా?"

ఆ వేళకు ఇందిరాబాయి మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, భర్త మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించి, గడియారంలో సెకన్ల ముల్లును చూస్తూ ఉంటుంది. నిమిషం నిండేదాకా జవాబు ఉండదు. నిండాక నోటుపుస్తకంలో అంకె వేసి అప్పుడు చెబుతుంది.

"తొంభై ఎనిమిది. బాగున్నాడు."

"ఐతే నా కాపీ ఇయ్యమ్మా."

లోపలాయప్ప అంటే ఆమె భర్త వాదిరాజ ఛాతీలో కొట్టుకుంటున్న గుండె. అది ఆయనతో పుట్టినది కాదు. ఆయనతో పుట్టిన గుండె, ఆయన లండనులో పదమూడేళ్ళు లెక్కల మాస్టరుగా పనిచేశాక, ఒక విషజ్వరానికి ఉబ్బిపోయి, పాత గోనెసంచిలా వదులైపోయింది. నాలుగు మెట్లెక్కితే నీలంగా మారేవాడు. మార్చడమొక్కటే దారి అన్నారు డాక్టర్లు. అప్పటికి ఆ దేశంలో అది కొత్త వైద్యం.

1981 డిసెంబరులో ఆసుపత్రిలో పదహారు రోజులు ఎదురుచూశారు. ఆ పదహారు రోజులూ ఇందిరాబాయి రాఘవేంద్రస్వామి పటం ముందు ఒకటే మొక్కింది: స్వామీ, ఒక గుండె పంపించు. పదిహేడో రోజు వచ్చింది. ఆ ఉదయం రోడ్డు మీద మంచు గడ్డకట్టి ఉందనీ, మోటారు సైకిలు జారిందనీ, ఆ పిల్లవాడికి ఇరవై రెండేళ్ళనీ, తల్లి సంతకం పెట్టిందనీ ఒక నర్సు నోరుజారి చెప్పింది. పేరు చెప్పలేదు. చెప్పకూడదట.

అప్పుడు తెలిసింది ఇందిరాబాయికి, తాను పదహారు రోజులు ఏమి మొక్కిందో. గుండె దానంతట అది రాదు కదా. ఒకరు పోవాలి. ఏ తల్లి కొడుకో పోవాలని రోజూ దీపం పెట్టి అడిగింది తాను. భర్త కళ్ళు తెరిచి "ఇందిరా, కాఫీ యాడ?" అన్న క్షణంలో పట్టరాని సంతోషమూ, దాని కిందే ఈ ముల్లూ. ఆసుపత్రి ద్వారా ఆ తల్లికి ఒక జాబు రాసి పంపింది. జవాబు రాలేదు.

గుండె వచ్చిన ఆ రోజు మార్గశిర బహుళ సప్తమి. పంచాంగం చూసి గుర్తుపెట్టుకుంది. ఆ తిథినాడు ఆ పిల్లవాడికి తన ఇంట్లో నువ్వులూ నీళ్ళూ వదలాలి. అంతకు మించి ఆమె దేవుణ్ణి ఇక ఏమీ అడగదలచుకోలేదు.

*

పిల్లలు లేరు. ఉద్యోగం చేసే ఓపిక ఆయనకు లేదు. 1983లో ఆదోని వచ్చేసి, జిన్నింగు మిల్లుల దూది దుమ్ము పడని వీధి వెతికి, కోటకు పోయే దారిలో ఇల్లు తీసుకున్నారు. మందులు లండను నుంచి మూడు నెలలకొకసారి పార్సిలులో వచ్చేవి. పక్క వీధిలోనే వాదిరాజ అన్నగారు వెంకోబారావు ఉండేవాడు. హైస్కూల్లో సంస్కృతం చెప్పి రిటైరయినాడు. భార్య పోయింది. తండ్రి దగ్గర నేర్చుకున్న నాడీపరీక్ష ఉంది. వీధిలో ఎవరికి ఒళ్ళు వెచ్చబడినా ఆయన చెయ్యి పట్టుకుని చూడవలసిందే.

తమ్ముడు వచ్చిన రోజే చెయ్యి పట్టుకున్నాడు.

"నాడి నూరుంది. లోపల జ్వరం దాక్కోని ఉంది. మూడు దినాలు లంకణం చెయ్యి."

అన్న మాట కాదనడం వాదిరాజకు చిన్నప్పటి నుంచీ తెలియదు. మాత్రల వల్ల ఆయనకు మామూలుకంటే రెట్టింపు ఆకలి. అయినా శొంఠి కషాయం తాగి పడుకున్నాడు. రెండో రోజు మధ్యాహ్నం వంటింట్లో డబ్బాల చప్పుడవుతుంటే ఇందిరాబాయి పోయి చూసింది. యాభై ఏళ్ళ మనిషి చేతినిండా బొరుగులు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

ఆమె నేరుగా బావగారి ఇంటికి పోయింది.

"బావగారూ, అది జ్వరం కాదు. దాని నడకే అంత. పడుకున్నా నూరే, లేచినా నూరే."

వెంకోబారావు నమ్మలేదు. వచ్చి తమ్ముణ్ణే అడిగాడు. వాదిరాజ బొరుగులు నములుతూ పాఠం చెప్పినట్టు చెప్పాడు.

"గుండె మార్చేటప్పుడు రక్తనాళాలు కుడతారన్నా. నరాలు కుట్టరు, అంత సన్నగా ఉంటాయి. మెదడు నుంచి గుండెకు పోయే తంతి తెగిపోయినట్టే. నిదానించు అని చెప్పేదీ లేదు, పరుగెత్తు అని చెప్పేదీ లేదు. దాని లెక్కన అది కొట్టుకుంటాంది."

"మరి మెట్లెక్కినప్పుడు?"

"తంతి లేకపోతే జాబు రాస్తాం కదా. అట్ల రక్తంలో కలిసి వార్త పోవాల. ఐదు నిమిషాలకు చేరుతుంది. పని అయిపోయినాక కూడా, ఆపమనే జాబు చేరేదాకా కొట్టుకుంటానే ఉంటుంది."

అందుకే ఆయన ఎక్కడికి బయలుదేరినా ముందు పెరట్లో పది చుట్లు మెల్లగా తిరిగేవాడు. సిద్దమ్మ అంట్లు తోముతూ చూసేది.

"డీజిలు ఇంజను మాదిరి ఉందే అయ్యోరిది. ముందు బుగ్గబుగ్గమని కాగల్ల."

కోపమూ అంతే. మాత్రల వేళ దాటిందనో, ఆవకాయ దొంగతనంగా తిన్నారనో ఇద్దరికీ మాటా మాటా పెరిగేది. అరుపులప్పుడు ఆయన గుండెకు ఏమీ పట్టేది కాదు. పోట్లాట ముగిసి, ఆమె మజ్జిగ కలిపి తెచ్చిచ్చే వేళకు అప్పుడు దడదడ మొదలయ్యేది. "ఇప్పుడెందుకండీ, రాజీ అయిపోయినాం కదా" అని ఆమె పక్కన కూర్చునేది. "దానికి జాబు ఇప్పుడే అందింది" అనేవాడు ఆయన. అది నిమ్మళించేదాకా ఇద్దరూ అట్లే కూర్చునేవాళ్ళు. లండనులో ఉండగా ఎన్నడూ అంతసేపు పక్కపక్కన కూర్చున్నది లేదు.

*

ఆ సంవత్సరం మార్గశిరం వచ్చింది. తిథికి పది రోజుల ముందు ఇందిరాబాయి బావగారికి విషయం చెప్పింది. బయటి పురోహితుణ్ణి పిలవడం ఆ ఇంట్లో లేదు. అన్నగారే చేయించాలి.

వెంకోబారావు వెంటనే కాదనలేదు. తమ్ముణ్ణి సంధ్యావందనానికి కూర్చోమన్నాడు. తానూ పక్కన పీట వేసుకున్నాడు. వాళ్ళ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. వడుగు అయిన పిల్లవాడికి ప్రాణాయామం నేర్పేటప్పుడు తండ్రి వాడి మణికట్టు పట్టుకునేవాడు. గాలి లోపలికి తీసుకుని పట్టి ఉంచినప్పుడు నాడి నిదానించాలి. అప్పుడే సరిగా చేసినట్టు. వెంకోబారావుకు తండ్రి అట్లా నేర్పాడు, తమ్ముడికి వెంకోబారావు అట్లాగే నేర్పాడు.

వాదిరాజ ముక్కు పట్టుకుని గాలి పీల్చాడు. పట్టాడు. వదిలాడు. అన్నగారి వేళ్ళు మణికట్టు మీద. మూడుసార్లయింది.

"గడియారం మాదిరి కొట్టుకుంటాంది. నువ్వు శ్వాస పట్టింది కూడా దానికి తెలియలేదు" అన్నాడు చెయ్యి వదిలేసి. "చూడమ్మా ఇందిరా. తర్పణం వదిలేటప్పుడు వరస చెప్పాల, గోత్రం చెప్పాల, పేరు చెప్పాల. పేరు లేదు, గోత్రం లేదు. వరస అయినా ఉందనుకుంటే, ఇదిగో, వీని లోపలుండి వీని మాటే వినని దానితో ఏం వరస? ఇది బాడుగకు ఉన్న మనిషి లెక్క."

ఇందిరాబాయి బావగారి ముందు గొంతు పెంచే మనిషి కాదు. ఆ రోజూ పెంచలేదు.

"వినకపోయినా కొట్టుకుంటాంది కదా బావగారూ. మాట వినేవాళ్ళకేనా మనం అన్నం పెట్టేది?"

ఆయన ఉత్తరీయం దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. నాలుగు రోజులు ఆ ఇంటికి రాలేదు.

తిథినాడు ఆమె తర్పణం లేకుండానే వంట చేసింది. గారెలు, పాయసం, బుడంకాయ పప్పు. పెద్ద అరటాకు వేసి సిద్దమ్మను కూర్చోమంది. సిద్దమ్మ తలుపు దగ్గరే నిలబడింది.

"ఇదేం పనమ్మా. నేనేమన్నా బాపనమ్మనా, ముందర కూసోబెట్టి వడ్డిస్తాండావు?"

"ఒక తల్లికి పెట్టాల్సిన అన్నం. ఆమె దూరంగా ఉంది. నువ్వు తిను."

సిద్దమ్మకు లోపలాయప్ప కథ తెలుసు. కొంగు దోపుకుని కూర్చుంది. రెండు గారెలు తిన్నాక మాత్రం అంది, "ఆయమ్మ తరపున తింటాండా గానీ, ఉప్పు తక్కవేసినావని కూడా ఆయమ్మ తరపునే సెప్పల్లనా?"

*

మరుసటి ఏడు ఎమ్మిగనూరులో గోవిందు డాక్టరు గుండె కాగితం తీసే మిషను తెప్పించాడని తెలిసి బస్సులో పోయారు. నేతవాళ్ళ వీధిలో ఆసుపత్రి. డాక్టరూ ఆ వీధి పిల్లవాడే. మగ్గాల చప్పుడుకు అలవాటుపడి కొంచెం గట్టిగా మాట్లాడేవాడు. కాగితం బయటికి రాగానే ఆయనకు పండగైనట్టుంది.

"ఇది చూడండమ్మా. పాత గుండెలో పైముక్క కొంచెం మిగిల్చి, దానికి కొత్తది కుట్టినారు. ఈ చిన్న చిన్న గుబ్బలు ఆ పాతముక్కవి. సారు శ్వాస పట్టినారు కదా, ఈడ అవి దూరందూరంగా పడినాయి. అది ఇంకా సారు మాట వింటాంది. ఈ పెద్దవి కొత్త గుండెవి. ఇవి చూడండి, దువ్వెన పండ్ల మాదిరి సమానం. దీనికి సారు ఎవరో తెలియదు."

"రెండూ పక్కపక్కనే ఉండి మాట్లాడుకోవా?" అంది ఇందిరాబాయి.

"ఒకే ఇంట్లో ఉండి మాట్లాడుకోని తోడికోడండ్ల లెక్క."

వాదిరాజ నవ్వాడు. ఆమె నవ్వలేదు. "నరం మళ్ళీ మొలుస్తుందా డాక్టరుగారూ?"

"చేతిలో తెగితే మొలుస్తుందమ్మా. మగ్గం దగ్గర చెయ్యి కోసుకున్నోళ్ళను చూస్తానే ఉంటాను. నెలకు అంగుళం. గుండెకా? కుక్కలకు చేసి చూసినారు, వాటికి మొలిచినాయంట. మనిషికి మొలుస్తుందని ఖాయంగా ఎవరూ చెప్పలేదు. కనిపెట్టుకోని ఉందాం."

కనిపెట్టుకుని ఉంది. రోజూ మూడు వేళ్ళు, ఒక నిమిషం, ఒక అంకె. తొంభై ఎనిమిది. తొంభై తొమ్మిది. తొంభై ఎనిమిది. నోటుపుస్తకాలు మారాయి. మార్గశిరాలు గడిచాయి. ప్రతి సప్తమికీ ఆకు, సిద్దమ్మ, గారెలు. వెంకోబారావు ఆ రోజు మాత్రం ఇటు వచ్చేవాడు కాదు. మిగతా రోజుల్లో తమ్ముడికని పెరట్లో కాసిన బొప్పాయి, కాచి వడబోసిన కషాయం మోసుకుని వచ్చేవాడు. తమ్ముడంటే ప్రాణం. లోపలున్నదానితోనే వరస కుదరలేదు.

*

1987 కార్తీకంలో అంకె జారడం మొదలయింది. ముందు తొంభై నాలుగు. వారానికి తొంభై. ఆ తర్వాత ఎనభై ఏడు. ఇందిరాబాయి రెండేసి సార్లు లెక్కపెట్టేది. ఆరేళ్ళుగా ఒకే తీరున నడిచిన గుండె ఎందుకు నెమ్మదిస్తుంది? అలసిపోయిందా? ఆగబోయే బండి కదా నెమ్మదించేది?

ఒక ఉదయం ఎనభై నాలుగు వచ్చింది. ఆమె పుస్తకంలో అంకె వేయకుండా మూసేసింది.

"ఏమమ్మా, అడిగితే పలకవు? లోపలాయప్పకు ఏమైనాది?"

"నెమ్మదిగా నడుస్తున్నాడు సిద్దమ్మా."

సిద్దమ్మ చీపురు గోడకు ఆనించింది. "దానికి ఏడుపు మొగమెందుకు? కొత్తగా వొచ్చినోడు ఊరు తెలీక ఉరుకుతాడు. ఆరేండ్లాయె. ఇప్పుడు ఇల్లు తెలిసింటాది."

ఇందిరాబాయికి ఆ మాట మనసులో నిలవలేదు. మరుసటి రోజు ఎమ్మిగనూరు పోదామని భర్తకు చెప్పి, మనసు ఆగక, సాయంత్రం బావగారి ఇంటికి పోయింది. తన వేళ్ళ మీద తనకే నమ్మకం పోయిందని, ఒకసారి వచ్చి నాడి చూడమని అడిగింది. ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చాడు.

వాదిరాజ సాయంసంధ్యకు కూర్చుని ఉన్నాడు. పక్కన పంచపాత్రలో నీళ్ళు. వెంకోబారావు పీట వేసుకుని, తమ్ముడి ఎడమచెయ్యి తన తొడ మీదికి తీసుకున్నాడు.

"కానీ" అన్నాడు.

వాదిరాజ గాలి పీల్చాడు. పట్టాడు. వదిలాడు.

అన్నగారి ముఖంలో ఏమీ తెలియలేదు. "మళ్ళీ" అన్నాడు.

రెండోసారి. ఇందిరాబాయి గడప దగ్గర తలుపురెక్క పట్టుకుని నిలబడింది. వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు.

"మళ్ళీ. కొంచెం ఎక్కువసేపు పట్టు."

మూడోసారి ఆయన కళ్ళు మూసుకున్నాడు. నలభై ఏళ్ళ కిందట, వడుగైన తమ్ముడు ముక్కు సరిగా పట్టుకోలేక నవ్వితే నెత్తిన మొట్టిన చెయ్యి అది. ఇప్పుడు ఆ చెయ్యి తమ్ముడి మణికట్టును చాలాసేపు వదల్లేదు.

"పట్టినప్పుడు నిలబడతాన్నాడు ఇందిరా" అన్నాడు. "కొంచెమే. కాని నిలబడతాన్నాడు. వదిలితే మళ్ళీ నడుస్తాన్నాడు."

అంతకుముందు ఎప్పుడూ ఆయన 'అది' అనేవాడు. ఇందిరాబాయి ఆ సంగతి గమనించింది. గడప మీదే కూర్చుంది. సంధ్యవేళ గడప మీద కూర్చోవద్దని ఆయన అననూ లేదు.

*

ఎమ్మిగనూరుకు మరుసటి రోజు ముగ్గురూ పోయారు. గోవిందు డాక్టరు పాత కాగితం, కొత్త కాగితం బల్ల మీద పక్కపక్కన పరిచి స్కేలు పెట్టి కొలిచాడు. పెద్ద గుబ్బల మధ్య ఎడం ఇప్పుడు సమానంగా లేదు. శ్వాస పట్టిన చోట సాగింది.

"మొలిచినట్టే ఉంది సార్. పూర్తిగా కాదు. ఎంతవరకు వచ్చిందో, ఇంకా వస్తుందో నేను చెప్పలేను. ఈ కాగితం మీ లండను డాక్టరుకు పంపుదాం. ఆగిపోయే గుండె ఇట్ల ఉండదు, అది మాత్రం చెప్పగలను." తర్వాత వెంకోబారావు వైపు తిరిగాడు. "మిషను లేకుండా మీరెట్ల కనుక్కొన్నారు స్వామీ?"

"మా నాయన నేర్పినాడప్పా" అన్నాడు ఆయన.

తిరుగు బస్సులో వాదిరాజకు కిటికీ పక్కన చోటు దొరికింది. పత్తి మూటల మధ్య వెనక సీటులో ఇందిరాబాయీ, బావగారూ మధ్యలో ఒక సంచి పెట్టుకుని కూర్చున్నారు. సగం దారి దాటాక ఆయన అన్నాడు.

"మాట వినేవాళ్ళకేనా అన్నం పెట్టేది అని అడిగినావు ఆ పొద్దు. నాకు జవాబు దొరకలేదు. దొరక్క కోపం వచ్చింది."

ఆమె సంచి అంచు సవరించింది.

"ఇప్పుడు మాట వింటాన్నాడని చేయిస్తాననుకోవద్దమ్మా. వినకుండానే ఆరేండ్లు మోసినాడు నా తమ్ముణ్ణి. చెప్పేవాడు లేడు, ఆపేవాడు లేడు, ఒక్క గడియ కూర్చోలేదు. నేను ఆ నడకను చూసి బాడుగ మనిషి అన్నాను." ఆమె వైపు తిరిగి, "సప్తమి ఎప్పుడు?"

"వచ్చే శనివారం."

"ఇంట్లో నల్లనువ్వులు ఉండాయా?"

"ఆరేళ్ళుగా ఉన్నాయి బావగారూ" అంది.

*

శనివారం ఉదయం వాదిరాజ తడిపంచెతో దక్షిణముఖంగా కూర్చున్నాడు. వెంకోబారావు దర్భపవిత్రం తానే వేలికి తొడిగాడు. ఇందిరాబాయి వంటింటి తలుపు దగ్గర ఉంది.

"గోత్రం తెలియనివాళ్ళకు కాశ్యప గోత్రం చెప్పమన్నారు పెద్దలు. అది సరిపోయింది. పేరు?"

"ఆ దేశంలో చెప్పరన్నా. ఎంత అడిగినా."

వెంకోబారావు నువ్వుల గిన్నెను తమ్ముడి ముందుకు జరిపాడు. తర్వాత తల తిప్పకుండానే అన్నాడు.

"ఇందిరా. ఒక పేరు చెప్పమ్మా. ఇంట్లో ఆడవాళ్ళు ఏ పేరు పెడితే అదే పేరు."

పెళ్ళయిన కొత్తలో, మంత్రాలయంలో పొర్లుదండాలు పెట్టిన ఏడు, ఆమె ఒక పేరు అనుకుని పెట్టుకుంది. ఆ పేరు వాడుకునే అవసరం రాలేదు. భర్తకు కూడా చెప్పలేదు. ఇరవై ఏళ్ళు దాటింది.

"ప్రహ్లాద" అంది.

వాదిరాజ తలెత్తి ఆమె వైపు చూశాడు. వెంకోబారావు ఆ పేరు కలిపి మంత్రం చెప్పాడు. వరస దగ్గరికి వచ్చేసరికి ఆయన ఎవరినీ అడగలేదు. 'సుతం' అన్నాడు. నువ్వులతో కలిసిన నీళ్ళు వాదిరాజ బొటనవేలి పక్కనుంచి పళ్ళెంలోకి జారాయి. ఒకసారి కాదు, మూడుసార్లు.

లేచి పంచె మార్చుకుంటూ ఆయన ఆమెతో నెమ్మదిగా అన్నాడు. "నువ్వు పేరు చెప్పినావే, అప్పుడే కొట్టుకుందే. అప్పటికప్పుడు. జాబు కాదు ఇందిరా, తంతే."

ఆమె ఆయన ఛాతీ మీద అరచెయ్యి పెట్టి చూసింది. లోపల ఇంకా వేగంగానే ఉంది. ఎక్కడో చలిదేశంలో ఇంకా తెల్లవారని ఒక ఇంట్లో ఒక తల్లికి నిద్ర పట్టి ఉంటుందా అనుకుంది. ఆ ముల్లు పోయిందని కాదు. దాన్ని పెట్టుకోవడానికి ఇంట్లో ఒక చోటు దొరికింది.

ఆ మధ్యాహ్నం ఆకు ముందు సిద్దమ్మ కూర్చుంటే, వెంకోబారావు తానే వచ్చి పాయసం వడ్డించాడు. సిద్దమ్మ ఆయన పోయేదాకా తల వంచుకుని ఉండి, తర్వాత ఇందిరాబాయితో అంది, "ఈసారి ఉప్పు సరిపోయిందమ్మా. ఆయమ్మ తరపున సెప్తాండా."

ఆదివారం పొద్దున చీపురు చేతపట్టుకుని అడిగింది.

"ఏమమ్మా, పెల్లాదప్ప బాగుండాడా?"

నిమిషం నిండింది. ఇందిరాబాయి పుస్తకం తెరిచి అంకె వేసింది.

"ఎనభై నాలుగు. బాగున్నాడు."

"ఐతే నా కాపీ ఇయ్యమ్మా."